అంబాసిడర్, కాంటెస్సా, మధ్యలో నేను

ఫిబ్రవరి 2, ఆదివారం

నా పెళ్లి ముహూర్తం కుదిరింది. మార్చి ఆరు, గురువారం. పెళ్లికొడుకు పరశురాం, మహమ్మద్ నగర్ దగ్గరి తండా, కరెంటు డిపార్ట్‌మెంట్‌లో లైన్‌మన్. రెండుసార్లు మాట్లాడాను, నచ్చాడు. బాన్సువాడ మెడికల్ షాపులో నా ఉద్యోగం మానక్కర్లేదన్నారు. అదీ నచ్చింది.

ఇంతవరకు బాగానే ఉంది. పెద్దమనుషులు చాయ్ గ్లాసులు కింద పెట్టారో లేదో మా ఇంట్లో అసలు పంచాయితీ మొదలైంది. పెళ్లయ్యాక పిల్లను ఏ బండిలో పంపాలి?

మా ఇంటి ముందు రెండు పాత కార్లున్నాయి. ఒకటి బాపుది. 1976 అంబాసిడర్, తెల్లది. దాన్ని బాన్సువాడకూ పిట్లానికీ మధ్య షేరింగ్ టాక్సీగా తిప్పే మమ్మల్ని సాకాడు. రెండోది వినోద్ అన్నది. 1988 కాంటెస్సా, ముదురు ఎరుపు. హైదరాబాద్‌లో ఒక డాక్టరు ఇంటి వెనక పడి ఉన్నదాన్ని తెచ్చి, రంగు వేయించి, పెళ్లిళ్లకు కిరాయికి తిప్పుతున్నాడు. నాలుగేళ్ల కింద అది వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో ఒకటే మాట, ఏది మంచి బండి అని. అన్నం తింటూ అదే, పొలానికి నీళ్లు పెడుతూ అదే.

ఆ సంగతి తేల్చుకోవడానికి వాళ్లకిప్పుడు నా పెళ్లి దొరికింది.

ఫిబ్రవరి 3

ఇవాళ కూడా అదే. పప్పు చల్లారిపోయింది.

ఫిబ్రవరి 6, గురువారం

మా ఇంట్లో మాటలు సగం మా బంజారా భాష గోర్ బోలిలో, సగం తెలుగులో నడుస్తాయి. అమ్మను యాడి అంటాం. కోపం వస్తే బాపు పూర్తిగా తెలుగులోకి దిగుతాడు. ఏళ్ల తరబడి ప్యాసింజర్లతో అరిచిన అలవాటు. ఈ వారమంతా మా ఇంట్లో తెలుగే.

బాపు వాదన నాకు కంఠతా వచ్చు. గీ బండిల పదకొండు మందిని ఎక్కించుకొని పిట్లం పోయిన, ఒక్క నట్టు ఊడలే అంటాడు. నొప్పులు పడుతున్న ఆడోళ్లను దవాఖానకు తోల్కపోయిన, ఇద్దరు పిల్లలు గా ఎన్క సీట్లనే పుట్టిన్రు అంటాడు. ఆ ఇద్దరిలో ఒకడు ఇప్పుడు బాన్సువాడలో వరికోత మిషన్ నడుపుతున్నాడట. అదీ అంబాసిడర్ గొప్పతనం కిందే లెక్క.

అన్న ఊరుకుంటాడా. బాపూ, గది కారు గాదు, చక్రాలున్న వడ్ల గుమ్మి అంటాడు. గేరు స్టీరింగ్ కాడ పెట్టిన్రు, ఏసేటోనికి తప్ప ఏ గేర్ల ఉందో దేవునికి గూడ తెల్వది అంటాడు. తన దాంట్లో ఐదు గేర్లు, పవర్ స్టీరింగ్, ఏసీ, ముందు నాలుగు లైట్లు. బాపు ఏమంటాడంటే, ఏసీ ఏస్తే బండి గుంజది, బండి గుంజాలంటే ఏసీ బంజేయాలె, గదేం సోకురా. నాలుగు లైట్లుంటే ఏంది, నడిపేటోనికి రెండే కండ్లాయె.

రెండు కార్లలోనూ ఎక్కువగా కూర్చున్నది నేను. నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని.

అంబాసిడర్‌లో ముందు సీటు సోఫా. బాపు, యాడి, నేను, నా ఒళ్లో ఒక మేకపిల్ల, అందరం ముందే పట్టేవాళ్లం. ఎత్తులో కూర్చుంటాం కాబట్టి ఏ మడిలో ఎవరు కలుపు తీస్తున్నారో కనబడుతుంది. కానీ బాపు డీజిల్ ఇంజిన్ వేయించాక ఎండాకాలం కాళ్లు ఉడుకుతాయి, డీజిల్ వాసన రెండు ఉతుకులకు గానీ చున్నీని వదలదు. కాంటెస్సాలో అయితే సీటు మనల్ని లోపలికి లాక్కుంటుంది. పొలాలు కనబడవు, పొడుగాటి బానెట్ ఒక్కటే కనబడుతుంది. మెత్తగా పోతుంది. ఎంత మెత్తగా అంటే గుంతలో పడ్డ సంగతి గుంత దాటాక తెలుస్తుంది. అంబాసిడర్‌లో గుంతకు ముందే తెలుస్తుంది, బాపు తిట్లను బట్టి.

అంబాసిడర్ చేసినవాళ్లు ఇంటిల్లిపాదీ ఎక్కుతారనుకుని చేశారు. కాంటెస్సా చేసినవాళ్లు ఎవరో ఒక సారు వెనక సీట్లో పేపరు చదువుకుంటూ పోతాడనుకుని చేశారు. అంతే తేడా. రెండూ మంచివే, రెండూ ముసలివే, రెంటినీ పొద్దున్నే బతిమాలితే గానీ స్టార్ట్ కావు. ఈ మాట అంటే ఇద్దరూ కలిసి నా మీద పడతారని నోరు మూసుకున్నాను.

ఆంబోతుల కుమ్ములాటలో లేగదూడల కాళ్లు విరిగాయట. నాకు సెలవు దొరికేది ఆదివారం ఒక్కటే, అదీ వీళ్ల అరుపులకే పోతోంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇవాళ దాది నోరు విప్పింది. దాది అంటే బాపు తల్లి, రూప్లి. ఎప్పుడో గానీ మాట్లాడదు. మాట్లాడితే ఇంట్లో ఎవరూ అడ్డు రారు.

పిల్లను ఏ బండిల తోల్కపోతరో గది మీ ఇష్టం, గని హవేలీ దేని మీద నిలబడి పాడుతది, ముందుగాల గది చెప్పుండ్రి అంది.

గొడవలో పడి ఇద్దరూ అసలు సంగతే మరిచారు.

మా బంజారాల్లో ఆడపిల్ల అత్తారింటికి పోయే ముందు ఎద్దు మీద నిలబడేది. అలంకరించిన ఎద్దు వీపు మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి హవేలీ పాడేది. ఢావలో వేరు. అది ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడ్చే పాట. అందులో అలగొచ్చు, దెప్పొచ్చు. హవేలీ మాత్రం పుట్టిన తండాను దీవించే పాట. మా తండాలో పిల్ల హవేలీ పాడుతున్నంతసేపూ ఎవరూ కూర్చోకూడదు, ఎవరూ నోరెత్తకూడదు. తండా నాయక్ అయినా సరే, మగపెళ్లివారైనా సరే.

ఇప్పుడు ఎద్దులెక్కడివి, అన్నీ ట్రాక్టర్లే. మొన్నొక పెళ్లిలో పిల్లను ప్లాస్టిక్ కుర్చీ మీద నిలబెట్టారు. ఆమె ఫోన్‌లో చూసి రెండు ముక్కలు పాడి దిగింది. దాది మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేసింది. కుర్చీ ఎవ్వలనన్న ఏడికన్న తోల్కపోతదా అని ఇవాళ మళ్లీ అంది. పిల్లను ఏది తోల్కపోతదో దాని మీదనే నిలబడాలె. ఎద్దు లేకుంటే బండి. దానికి ముంగట బానెట్ ఉంటది గద.

దాది నాకు ఆ పాట దీపావళి నుంచి నేర్పుతోంది. ముసలామె సరదా కోసం నేర్చుకుంటున్నానని అనుకున్నాను. ఇవాళ ఆ కుర్చీ మాట వినగానే తెలిసింది, నాకే కావాలి. ఈ ఇంట్లో నేను మాట మొదలుపెడితే ఒకరు టీవీ సౌండ్ పెంచుతారు, ఒకరు చెప్పులేసుకుంటారు. ఒక్క పాటంతసేపు అందరూ నిలబడి నా గొంతు వింటారంటే అది నేను వదులుకోను. నిలబడే పాడతాను, చేతులెత్తి, మొత్తం పాట. కుర్చీ మీద కాదు.

ఫిబ్రవరి 10

నిన్నటిదాకా నా బండి నా బండి అన్నారు. ఇవాళ్టి నుంచి నీ బండి నీ బండి అంటున్నారు.

ఫిబ్రవరి 12, బుధవారం

బాపు కాంటెస్సాను పొగుడుతున్నాడు. నా చెవులారా విన్నాను. ఏం బానెట్ రా అది, పెద్ద మంచమంత ఉంది, పిల్ల నిలబడితే మస్తుంటది అన్నాడు. అన్నేమో, గా కాలం ఇనుము ఇనుమే బాపూ, గిప్పటియి ఉత్త రేకులు, నీ బండి మీదనే నిలబడాలె అన్నాడు. నాలుగేళ్లలో ఒకరి బండిని ఒకరు మెచ్చుకున్నది ఇదే మొదటిసారి. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను ఊరుకోలేదు. బాపూ, నీ బండి మీద ఎందుకొద్దు అని నిలదీశాను. రోజూ పొద్దున బొట్టు పెట్టి మొక్కుతా బిడ్డా, లక్ష్మి అది, దాని మీద కాలు పెడ్తవా అన్నాడు. పక్క గదిలోంచి దాది, ఎద్దు దేవుడు గాదారా, మేం మొక్కినంకనే ఎక్కినం అంది. బాపు బీడీ వెతుక్కుంటూ బయటికి పోయాడు.

అన్నను అడిగాను. మార్చి అంతా బుకింగ్‌లున్నయ్ చెల్లె, పాలిష్ పోతది, కొంచెం సమజ్ చేస్కో అన్నాడు. చెల్లెలి పెళ్లికన్నా పాలిష్ ఎక్కువా అంటే ఫోన్ రాకపోయినా వచ్చినట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఫిబ్రవరి 15, శనివారం

మా బంజారాల గురువు సేవాలాల్ జయంతి. ఊరేగింపులో పటం పెట్టింది అన్న కాంటెస్సాలోనే. పూలు కట్టి, జెండాలు కట్టి, బాన్సువాడ చౌరస్తాలో తిప్పాం. నేనూ మా వాళ్లతో కలిసి ఆడాను. ఆ కాసేపు మాత్రం మనసు బాగుంది.

చౌరస్తా దగ్గర ఆగినప్పుడు ఎవరో లావుపాటాయన సెల్ఫీ కోసం బానెట్ మీద చెయ్యి ఆనించి వాలాడు. అన్న అరిచిన అరుపుకు డప్పులు ఆగిపోయాయి. ఆయన బిత్తరపోయి తప్పుకున్నాడు. నేను దగ్గరికి వెళ్లి చూస్తే సన్నని నెర్రె. వేలితో తట్టాను. ఇనుము చప్పుడు కాదు, ప్లాస్టిక్ బకెట్ చప్పుడు.

సాయంత్రం అన్నను కాలువ గట్టు మీదికి తీసుకుపోయి అడిగాను. ముందు లేదన్నాడు, తర్వాత తల దించుకున్నాడు. పోయిన ఏడాది అసలు బానెట్ తీసేసి, గాలి పోయే బొక్కలతో స్టైల్‌గా ఉంటుందని ఫైబర్‌ది వేయించాడట. పాతది పాత సామాన్లవాడికి పోయింది. ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపుకు జెప్పకు వనితా, నీ కాళ్లు మొక్కుత, జీవితమంత దెప్పుతడు అన్నాడు.

చెప్పనన్నాను. ఎందుకన్నానో తెలియదు. అన్న మొహం చిన్నప్పుడు పలక పగలగొట్టుకుని వచ్చినప్పటిలా ఉంది, అందుకేమో.

ఫిబ్రవరి 18, మంగళవారం

అన్న బండి ఇవ్వననడం బాపుకు కొత్త ఊపు తెచ్చింది. ఇవాళ పొద్దున అందరినీ పిలిచి, పిల్ల నా బండి మీదనే పాడుతది అని ప్రకటించాడు. నా గుండె ఎగిరింది. అయితే బానెట్ మీద గాదు, పైన క్యారియర్ మీద అన్నాడు. టాక్సీ రోజుల్లో బియ్యం సంచులు, కోళ్ల గంపలు కట్టిన ఇనప క్యారియర్ ఇంకా టాప్ మీద ఉంది.

దాది లేచి నిలబడింది. నా మనవరాలు సంచా, కోడా అంది.

అంతే, అది కూడా పోయింది. నేను షాపుకు ఆలస్యమయ్యాను. షాపు ఓనరు నాగేంద్రమ్మ గారు పెళ్లి కళ వచ్చిందమ్మా నీకు అన్నారు. అది కళ కాదు, మంట.

ఫిబ్రవరి 21

పరశురాం ఫోన్. విషయం మొత్తం చెప్పాను, అన్న దాచమన్నది తప్ప. అంతా విని, పాట ఎంతసేపుంటది, బ్యాండోళ్లు గంటల లెక్కన వస్తున్నరు అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

పది నిమిషాలకు మళ్లీ చేశాడు. తప్పయింది, ఎంతసేపన్న పాడు, నేను నిలబడే ఉంట, పోల్ మీద పొద్దంత నిలబడేటోన్ని, నాకేం కష్టం అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. వెంటనే నవ్వితే అలవాటవుతుంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఇలాంటి రోజు పగవాళ్లకు కూడా వద్దు.

అంబాసిడర్ దసరా తర్వాత ఎంత బతిమాలినా స్టార్ట్ కాలేదు. బానెట్ మీద నిలబడనిచ్చినా ఇవ్వకపోయినా పెళ్లికి అది కదలాలి, కదలకపోతే నా పరువేం గావాలె అని బాపు పట్టు. బాన్సువాడలో సమ్మన్న షెడ్డుకు తీసుకుపోవాలి. లాగేది ఎవరు? అన్నను అడగడానికి బాపుకు నామోషీ, అడగకుండా పోవడానికి అన్నకు నామోషీ. మధ్యలో నేను తాడు పట్టుకుని నిలబడ్డాను. చివరికి నేనే కట్టాను.

ముందు కాంటెస్సా, వెనక తాడుకు అంబాసిడర్, స్టీరింగ్ దగ్గర బాపు, పక్కన నేను. పిట్లం రోడ్డు ఎక్కాక చెరుకు ట్రాక్టర్ల వరుస తగిలింది. వాటి వెనక నడకే. బాపు కిటికీలోంచి తల బయట పెట్టి, మొదటి గేర్ల పోరా, ఇంజన్ కాలుతది అని అరుస్తున్నాడు. అన్న అద్దంలో చూసి చెయ్యి ఊపుతున్నాడు, నాకు తెలుసు అన్నట్టు. కాసేపటికి కాంటెస్సా ముందు నుంచి పొగ లేచింది. రెండూ ఆగిపోయాయి.

ఇద్దరూ దిగి నడి రోడ్డు మీద మొదలుపెట్టారు. నీ వడ్ల గుమ్మి బరువుకే నాది పోయింది అని అన్న. నీ సోకుల బండికి ఒక ముసలిదాన్ని గుంజే తాకత్ లేదా అని బాపు. బస్సుల్లో జనం కిటికీల్లోంచి చూస్తున్నారు. షాపుకొచ్చే కస్టమర్లు కూడా ఉన్నారు, ఒకామె చెయ్యి కూడా ఊపింది.

చివరికి చెరుకు దించి ఖాళీగా వస్తున్న ట్రాక్టరాయన జాలిపడి బండి తిప్పాడు. ట్రాక్టర్ వెనక కాంటెస్సా, దాని వెనక అంబాసిడర్. అలా బాన్సువాడలోకి ప్రవేశించాం. ట్రాక్టరాయన ఇద్దరినీ చూసి, రెండిట్ల ఏది మంచిది అన్నా అని అడిగాడు. పాపం, తెలియక అడిగాడు. షెడ్డు వచ్చేదాకా జవాబులు వింటూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 24, సోమవారం, మధ్యాహ్నం

బాపుకు టిఫిన్ ఇవ్వడానికి సమ్మన్న షెడ్డుకు పోయాను. సమ్మన్న డెంటింగ్ పని చేస్తాడు, ఇంజిన్ పని చేసే మనిషి కూడా అక్కడే ఉంటాడు. సమ్మన్న అంబాసిడర్ బానెట్ మీద ఒక అయస్కాంతం పెట్టాడు. జారిపోయింది. ఇంకోచోట పెట్టాడు. అక్కడా జారింది. గిదంత పుట్టీనే గదనే తారాచందన్నా అని బాపుతో అన్నాడు.

బాపు నన్ను చూశాడు. టిఫిన్ డబ్బా అందుకోవడం కూడా మరిచాడు.

వానల్లో బయటే నిలబెట్టడంతో బానెట్ రేకును తుప్పు తినేసిందట. బాపు ఎవరికీ తెలియకుండా పుట్టీ పెట్టించి పైన తెల్ల రంగు కొట్టించాడు. ఒక్క కాలు పెడితే లోపలికి దిగబడుతుంది. లక్ష్మి లేదు, ఏమీ లేదు. మీ అన్నకు జెప్పకు బిడ్డా అన్నాడు. గా ఇనుము గా ఇనుము అని ఆడు ఇప్పుడిప్పుడే ఇజ్జత్ ఇస్తుండు అన్నాడు.

ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఇద్దరూ నాకే చెప్పారు.

ఫిబ్రవరి 26, శివరాత్రి

ఉపవాసం. ఆకలికన్నా కోపం ఎక్కువగా ఉంది.

ఒకటి ఫైబర్, ఒకటి పుట్టీ. పైన పటారం లోన లొటారం. ఏది మంచి బండి అని నాలుగేళ్లు మా బుర్ర తిన్నారు, తీరా చూస్తే దొందూ దొందే. నా బరువు మోసే బానెట్ మా ఇంటి ముందు లేదు. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. బాపు సంగతి అన్నకు చెబితే బాపు తలెత్తుకోలేడు. అన్న సంగతి బాపుకు చెబితే అన్న ఇల్లు వదిలి పోతాడు. చెప్పకపోతే నాకు కుర్చీ.

బానెట్ కొత్తది వేయిద్దామని ఇద్దరితోనూ విడివిడిగా అన్నాను. పెళ్లి ముంగట మారిస్తే ఎందుకు మార్చినవని అడుగుతరు గద అని ఇద్దరూ విడివిడిగా అన్నారు.

దాది అడిగింది, ఏ బండి తేలింది అని. తేలుతోంది దాది అన్నాను.

మార్చి 2, ఆదివారం

ఇవాళ దాది పాట మొత్తం పాడించుకుంది. దాని అర్థం సుమారుగా ఇది. మా బాపు తండా పచ్చగా ఉండాలి, మా అన్నల మంద పెరగాలి, మా బావిలో నీళ్లు ఎండకూడదు, నేను పోతున్నాను, మీరు సల్లగుండాలి. మా అన్నల మంద దగ్గరికి వచ్చేసరికి పాట ఆపేశాను. ఏం మంద. అబద్ధపు బానెట్ల మంద.

నా వల్ల కాదు దాది, నాకు వాళ్ల మీద మంటగా ఉంది, దీవెన రావట్లేదు అన్నాను. తిట్లు కలిపి పాడొచ్చా అని కూడా అడిగాను.

ఢావలోల తిట్టు, ఎంతన్న తిట్టు, హవేలీల మాత్రం దీవించాలె అంది. కోపం లేనోళ్లను దీవించుడు ఏంది, గది ఎవ్వలకన్న వస్తది. కోపం ఉన్నోళ్లనే దీవించాలె, గందుకే గంత ఎత్తు మీద నిలబెడ్తరు పిల్లను అంది.

తర్వాత తమలపాకు నోట్లో పెట్టుకుని పడుకుంది.

మార్చి 5, సాయంత్రం

చేతులకు మెహందీ, సరిగ్గా రాయడం రావట్లేదు. షెడ్డులో బాగుచేయించిన రెండు కార్లూ కడిగి, పూలు కట్టి ఉన్నాయి. రేపు నేను ఏదో ఒకదాని మీద కాలు పెడతాను. ఎవరి సంగతీ నేను చెప్పను. చెబితే వాళ్లే చెప్పాలి, లేదా నేను పడాలి.

మార్చి 7, శుక్రవారం, పొద్దున

అత్తారింట్లో మొదటి పొద్దు. శుక్రవారం ఆడపిల్లను పంపకూడదని నిన్న సాయంత్రమే పంపించారు. అంబాసిడర్‌లో రాలేదు, కాంటెస్సాలోనూ రాలేదు. మగపెళ్లివారి తుఫాన్ జీపులో, పదమూడు మందిలో ఇరుక్కుని వచ్చాను. పరశురాం ఇంకా నిద్రపోతున్నాడు. మరిచిపోకముందే రాయాలి.

పెళ్లి బాగా జరిగింది. ఢావలో కూడా బాగా జరిగింది. యాడి మెడ పట్టుకుని ఏడ్చాను, దాది మెడ పట్టుకుని ఏడ్చాను, అన్న మెడ పట్టుకుని నాలుగు దెప్పాను. బాపు మెడ పట్టుకుని రెండూ చేశాను.

అప్పుడు చూస్తే బయట బ్యాండు ఆగిపోయి ఉంది. మా సందు కాలువ వైపుకు ఏటవాలుగా ఉంటుంది. బాపు అంబాసిడర్‌ను కింది నుంచి తెచ్చాడు, అన్న కాంటెస్సాను పై నుంచి తెచ్చాడు. మా గుమ్మం ముందు రెండూ బంపర్‌కు బంపర్ ఆనించి నిలబెట్టి ఉన్నాయి. వెనక్కి తీయమంటే ఇద్దరూ తీయడం లేదు. నా పెళ్లి రోజు కూడా.

దాది కర్ర నేలకు కొట్టి, పిల్ల ఏడ నిలబడాలె అంది. అందరూ లేచి నిలబడ్డారు.

నేను చెప్పులు విడిచి అంబాసిడర్ దగ్గరికి పోయాను. ఎవరి వైపూ చూడలేదు. ముందు బంపర్ ఎక్కి, కుడికాలు బానెట్ మీదికి ఎత్తాను. పెళ్లికొచ్చినవాళ్లంతా చూస్తున్నారు. ఇంకా కాలు ఆననే లేదు, ఆగు బిడ్డా అని బాపు అరిచాడు. అండ్ల ఇనుము లేదు, అంత పుట్టీనే, దిగబడ్తవ్ అన్నాడు. తండా మొత్తానికి వినబడింది, బాపు వియ్యంకుడు, మా మామ భిక్యాకు కూడా.

అన్నకు నవ్వొచ్చింది. నేను దిగి, చుట్టూ తిరిగి, కాంటెస్సా బంపర్ ఎక్కి కాలెత్తాను. అన్న నవ్వు సగంలో ఆగిపోయింది. కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. నా దాంట్ల గా పుట్టీ గూడ లేదు, ఉత్త ఫైబర్, ఇరుగుతది వనితా, దిగు అన్నాడు. బాపు అన్నను చూశాడు. అన్న బాపును చూశాడు. దెప్పుకోవడానికి ఇద్దరికీ ఏమీ మిగల్లేదు.

ఇగ పిల్ల గాలిల నిలబడాల్నా అంది దాది.

నేను కిందికి చూశాను. బంపర్లు రెండూ ఇనుమే. వాటి జోలికి ఇద్దరూ పోలేదు. ఒక కాలు దీని మీద, ఒక కాలు దాని మీద పెట్టాను. అంబాసిడర్ బంపర్ రెండు వేళ్లు ఎత్తు, కాస్త వంకరగా నిలబడాల్సి వచ్చింది. యాడి జారకుండా రెండింటి మీదా తడి గోనె పరిచింది. కానీ ఏటవాలు, పాత బండ్లు, హ్యాండ్ బ్రేకులు పేరుకే. ఏ బండి జానెడు కదిలినా నేను కింద పడతాను.

ఎవరూ చెప్పలేదు. బాపు పోయి తన బండిలో కూర్చుని బ్రేకు తొక్కి పట్టాడు. అన్న పోయి తన బండిలో కూర్చుని బ్రేకు తొక్కి పట్టాడు. హవేలీ అప్పుడు ఎవరూ కూర్చోకూడదు. నాయక్ ఆ సంగతి ఎత్తబోయి మళ్లీ మానుకున్నాడు.

చేతులెత్తి పాడాను. అటు అద్దం వెనక బాపు, ఇటు అద్దం వెనక అన్న, మధ్యలో నేను. కోపం పోలేదు, కోపంతోనే పాడాను. మా అన్నల మంద పెరగాలి దగ్గర ఆగలేదు. ఫోన్లు కూడా మోగలేదు. పరశురాం మాట నిలబెట్టుకున్నాడు, కదలకుండా నిలబడ్డాడు. బండ్లు కూడా కదల్లేదు.

పరశురాం లేస్తున్నాడు.

మార్చి 8

నిన్న ఒకటి రాయలేకపోయాను.

పాట అయిపోయింది. దిగాను. దాది పోయి ముందు బాపు అద్దం మీద, తర్వాత అన్న అద్దం మీద కర్రతో తట్టింది. అయిపోయింది, ఇగ బ్రేకు ఇడువుండ్రి, పిల్ల పోవాలె అంది.

ఇద్దరూ విన్నారు. నేను తుఫాన్ జీపు ఎక్కేదాకా ఇద్దరూ కాలు తీయలేదు.